రామదాసుకు ఇంకో రాత్రి

1964లో చిత్తూరు నాగయ్య గారికి అరవై ఏళ్లు. ఆ ఏడాదే ఆయన సొంతంగా నిర్మించి, దర్శకత్వం వహించి, రామదాసుగా పేరుపడ్డ కంచెర్ల గోపన్న వేషం కట్టిన ‘రామదాసు’ విడుదలైంది. ఆడలేదు. పోతనగా, త్యాగయ్యగా, వేమనగా తెలుగువాళ్ల గుండెల్లో గుడి కట్టుకున్న నటుణ్ణి ఆ ఒక్క చిత్రం ఆర్థికంగా కుంగదీసింది. 1973లో కన్నుమూసేదాకా ఆయన మళ్లీ పూర్వపు స్థితికి రాలేదు. అది సినిమాయే, కానీ దాని ఎముకలు రంగస్థలానివి. రామదాసు కథ ధర్మవరం గోపాలాచార్యుల చేతిలో నాటకమై ఊరూరా తిరిగింది, 1933లోనే టాకీ అయింది. పద్యాలు, కీర్తనలు, చెరసాల, చివర్లో దేవుడి దర్శనం, ఇదంతా హార్మోనియం పక్కన పుట్టి పెరిగిన సరుకు. నాగయ్య గారి చిత్రం ఓడిపోయిన నాటికి కంట్రాక్టు నాటకాల సందడి కూడా అడుగంటుతోంది. అంటే ఆ ఏడాది ఒక సినిమా ఓడిందని ఊరుకోవడానికి లేదు, దాని వెనకున్న పాటల నాటకమే ఓడిపోయిందని జనం లెక్క వేసుకున్నారు.

ఖమ్మంలో ఇవాళ భక్త రామదాసు కళాక్షేత్రం ఉంది. ఆయన పుట్టిన నేలకొండపల్లి ఆ జిల్లాలోదే. ఆయన తహశీలు చేసిన పాల్వంచ, గుడి కట్టించిన భద్రాచలం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి. ఆయన పేరు పెట్టుకున్న వేదిక మీద ఆయన కథను పూర్తి నిడివి సంగీత నాటకంగా మళ్లీ కట్టాలా? ఒకసారి జనం వద్దన్నదాన్ని తిరిగి తెచ్చే హక్కు ఎవరికుంది? కట్టాలనే నేనంటాను. కాని ‘మన సంస్కృతి’, ‘మన వారసత్వం’ అనే మాటల మీద ఆనుకుని కాదు. ఆ మాటలతో ఏ నాటకాన్నయినా లేపొచ్చు, లేపకూడనివాటిని కూడా. పాటల నాటకానికి ఓటమి రెండు రకాలుగా వస్తుంది. తెర పడ్డాక పాటలు కూడా హాల్లోనే చచ్చిపోతే ఆ నాటకం నిజంగా ఓడినట్టు. పాటలు తలుపు దాటి వీధిలోకి వచ్చి, నాటకం మాత్రం లోపలే ఉండిపోతే, ఓడింది కట్టుబడి. రామదాసుది రెండో రకం ఓటమి. అందుకే దానికి మరో అవకాశం న్యాయంగా రావాలి. అది మొదటిసారి కట్టినట్టే కట్టడానికి మాత్రం కాదు.

ముందు ఆ ఓటమిని కాస్త నిలదీసి చూడాలి. భక్తి కథలకు కాలం చెల్లిందని అనడానికి వీల్లేదు. అంతకు ముందు ఏడాదే, 1963లో, ‘లవకుశ’ తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రంగా వచ్చి జనాన్ని ఊళ్లకు ఊళ్లు కదిలించింది. ఆ రాముడే, ఆ పద్యాల బాణీయే. వాగ్గేయకారుడి జీవితాన్ని సినిమాగా చూడరని అనడానికీ లేదు. అదే నాగయ్య గారు అదే పద్ధతిలో 1946లో తీసిన ‘త్యాగయ్య’ను జనం నెత్తిన పెట్టుకున్నారు. ఇక రామదాసు కథే ఎక్కలేదందామా అంటే, 2006లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో నాగార్జున నటించగా, కీరవాణి సంగీతంతో వచ్చిన ‘శ్రీరామదాసు’కు హాళ్లు నిండాయి. కథ, దేవుడు, కీర్తనలు అవే. ఒక తరం తీసుకుంది, ఒక తరం పక్కన పెట్టింది, ఇంకో తరం మళ్లీ పిలిచింది. ఇందులో ఎవరి తీర్పును ఆఖరి తీర్పు అనాలి? నా ఊహ ఒకటుంది, ఊహగానే చెబుతాను. ‘లవకుశ’లో ఇద్దరు పిల్లలున్నారు, తల్లి ఉంది, ఇంటి దుఃఖం ఉంది. రామదాసు కథలో సగానికి పైగా నాలుగు గోడల మధ్య ఒక్క మనిషి. పన్నెండేళ్ల చెర అంటుంది కథ. పన్నెండేళ్ల పాటు ఏమీ జరగకపోవడమే అక్కడ జరిగేది. తెర మీద దాన్ని నిలబెట్టడం చాలా కష్టం. వేదిక మీద మాత్రం కాదు. ఒక్క మనిషి, ఒక్క దీపం, ఒక గొంతు చాలు, రంగస్థలం ఆ ఒంటరితనాన్ని ఇట్టే పట్టేస్తుంది. సినిమాకు బరువైనదే నాటకానికి బలం.

పాటల సంగతి చూడండి. సినిమా పోయిన ఆ 1960లలోనే పొద్దున్నే విజయవాడ రేడియో భక్తిరంజని పెడితే రామదాసు కీర్తనలు ఇంటింటా వినిపించేవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వాటిని కచేరీ వేదికల మీద ఎంత ఎత్తున నిలబెట్టిందో కర్ణాటక సంగీతం వినేవాళ్లందరికీ తెలుసు. అంతకు చాలా ముందే, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, తూము నరసింహదాసు గుంటూరు నుంచి భద్రాచలం వచ్చి అక్కడి సేవలనూ భజననూ ఒక పద్ధతిలో పెట్టారు. భజన మందిరాల్లో తాళాలు, చిడతలు పట్టుకున్నవాళ్లు ఏ నాటక కంపెనీ అండా లేకుండా ఆ పాటల్ని మోసుకొచ్చారు. చదువు రానివాళ్లకు కూడా చరణాలతో సహా నోటికొచ్చు. ఇంతమంది ఇన్నేళ్లు మోసిన దాన్ని ఒక శుక్రవారం కలెక్షన్లు కొట్టెయ్యలేవు.

ఇక్కడ ఒక మంచి అభ్యంతరం ఎదురవుతుంది. పాటలు అంత బాగా బతుకుతుంటే మళ్లీ నాటకం దేనికి? ఆ పాటల్ని అలా పాడుకుంటూ పోతే చాలదా? చాలదు. ఎందుకో ఒక్క పాట దగ్గర ఆగి చూస్తే తెలుస్తుంది. చెరలో ఉన్న గోపన్న రాముడికి నగల లెక్క చదివే కీర్తన ఉంది. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి, ఒక్కొక్కటీ పేరు పెట్టి చెబుతాడు. దేనికెంత పట్టిందో వేల లెక్కన చెబుతాడు. ఇవన్నీ పెట్టుకుని కులుకుతున్నావే, ఇదంతా ఎవరి సొమ్మనుకున్నావు, నీ తండ్రి పంపాడా, మామ పంపాడా అని నిలదీస్తాడు. చివరికి దెబ్బలకు ఓర్వలేక తిట్టానని చెప్పి, మనసులో పెట్టుకోవద్దని బతిమాలతాడు. ఇది రెవెన్యూ ఉద్యోగి రాసిన పాట. జమాబందీ రాసిన చెయ్యే దేవుడి ఖాతా కూడా విప్పింది. ఆ భాషలో దండకాల దర్జా లేదు, కచ్చేరీలో లెక్క ఒప్పజెప్పే మనిషి గొంతు ఉంది. కచేరీలో ఈ పాట వచ్చినప్పుడు మనం రాగాన్ని ఆస్వాదిస్తాం, భజనలో చప్పట్లు కొడతాం. రెండుచోట్లా అది తియ్యగా ఉంటుంది. కాని అది తియ్యటి పాట కానే కాదు. వీపు మీద కొరడా పడుతుంటే పుట్టిన కొట్లాట అది. కోపంలోంచి తిట్టులోకి, తిట్టులోంచి భయంలోకి, భయంలోంచి వేడుకోలులోకి ఆ మనిషి దిగివస్తాడు. ఆ నాలుగు మెట్లూ కనపడాలంటే ఎదురుగా ఒక మనిషి దిగాలి. మెట్టుమెట్టుకీ గొంతు మారాలి, ఒళ్లు మారాలి. పాటలు బతికాయి గాని వాటిలోని కోపం దారిలో ఎక్కడో జారిపోయింది. దాన్ని వెనక్కి తేగలిగింది నాటకం ఒక్కటే. వేదిక మీదికి ఈ కథ మళ్లీ రావాలని అనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

బయటి దేశాల్లోనూ ఇలాంటి కథలున్నాయి. గెర్‌ష్విన్ ‘పోర్గీ అండ్ బెస్’ 1935లో న్యూయార్క్‌లో 124 ప్రదర్శనలు ఆడి పెట్టుబడి కూడా రాబట్టలేకపోయింది. 1942లో మళ్లీ తెచ్చినప్పుడు, పాటగా సాగే సంభాషణల్ని చాలావరకు తీసేసి మామూలు మాటలు పెట్టారు, పాటల్ని మాత్రం చాలావరకు ఉంచారు. అప్పుడు నిలబడింది. స్టీఫెన్ సాండ్‌హైమ్ ‘మెరిలీ వీ రోల్ ఎలాంగ్’ 1981లో 16 ప్రదర్శనలకే మూతపడింది. నాలుగు దశాబ్దాల పాటు ఎందరో దాన్ని సరిచేస్తూ వచ్చారు. 2023లో బ్రాడ్‌వే చేరి మరుసటి ఏడు ఉత్తమ పునఃప్రదర్శనగా టోనీ అవార్డు అందుకుంది. అయితే ఈ లెక్కలో ఒక మోసం ఉంది, అది ఒప్పుకోవాలి. గెలిచినవే మన చెవిన పడతాయి. ‘క్యారీ’ అనే సంగీత నాటకం 1988లో ఐదు ప్రదర్శనలతో పోయింది, 2012లో మార్చి తెచ్చినా నిలవలేదు. రెండో అవకాశం వచ్చినంత మాత్రాన రెండో బతుకు రాదు. అందుకే ‘జనం అప్పుడు గుర్తించలేదు’ అనే ఏడుపు ఒక్కటీ సరిపోదు. తప్పు జనంలో ఉందా, కట్టుబడిలో ఉందా, అసలు సరుకులోనే ఉందా అని మూడూ విడివిడిగా తేల్చుకోవాలి. రామదాసు విషయంలో సరుకు గట్టిది. దాన్ని పరీక్షించిన కాలం కొన్ని వందల ఏళ్లు. చూడాల్సింది కట్టుబడినే.

మార్చడం అనగానే మనవాళ్లలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. మూలాన్ని ముట్టుకుంటే అపచారం అంటారు. గురజాడ మాటేమిటి మరి? ‘కన్యాశుల్కం’ 1892లో వేదికెక్కింది, 1897లో అచ్చయింది. ఓడిన నాటకం కాదది, మెప్పు పొందినదే. అయినా ఆయన దాన్ని పట్టుకుని కూర్చుని, విప్పి, పెంచి, 1909 నాటికి దాదాపు కొత్త నాటకం చేశారు. మనం ఇవాళ నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. సొంత రచయితే గెలిచిన నాటకాన్ని తిరగరాసుకున్న భాష ఇది. ఓడినదాన్ని ముట్టుకోవద్దనడం ఈ సంప్రదాయానికి నప్పదు. సురభిని చూడండి. 1885లో మొదలైన ఆ కుటుంబాల నాటకశాలకు కర్ణాటక నుంచి బి.వి. కారంత్ 1990లలో వచ్చి, వాళ్లతో కలిసి కూర్చుని ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. వాళ్ల తెరలు, వాళ్ల మాయలు, వాళ్ల గొంతులు పోలేదు. నడక మారింది. పద్యనాటకంలో తగ్గించాల్సింది నా దృష్టిలో ప్రధానంగా ఒకటే. రాగం కోసం కథ ఆగిపోయే అలవాటు. పద్యం చివర నటుడు గుక్క తిప్పుకోకుండా ఆలాపన లాగడం, హార్మోనియం వెంటపడటం, హాలు ‘వన్స్‌మోర్’ అనడం, చెరసాలలో కుంగిపోయిన గోపన్న లేచి ముందుకొచ్చి మళ్లీ అదే పద్యం ఎత్తుకోవడం. ఆ ఆనందం నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడను. ఊరంతా ఒకే గొంతు కోసం తెల్లవార్లూ చాపల మీద కూర్చున్న రోజుల గొప్పతనం అది. కాని ఆ అలవాటే దుఃఖాన్ని ప్రదర్శనగా మార్చింది. నగల లెక్క పాటకు వన్స్‌మోర్ పడితే ఆ క్షమాపణ రెండోసారి అబద్ధమైపోతుంది.

ఇంతకంటే పెద్ద మరమ్మతు ఇంకొకటి ఉంది. భద్రాచలం కథ గోపన్నతో మొదలవదు. భద్రిరెడ్డిపాలెంలో ఉన్న పోకల దమ్మక్క అనే అడవి బిడ్డతో మొదలవుతుంది. కలలో రాముడు చెబితే పుట్టలో ఉన్న విగ్రహాలను గోదావరి నీళ్లు పోసి పుట్ట కరిగించి తీసిందనీ, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందనీ స్థలపురాణమే చెబుతుంది. తహశీల్దారు వచ్చేసరికే అక్కడ దేవుడున్నాడు, పూజ ఉంది, పూజారిణి ఉంది. తర్వాత మన కథనాల్లో ఆమె గోపన్నకు దారి చూపే ముసలమ్మగా మిగిలిపోయింది. రెండు సన్నివేశాలు, ఒక నమస్కారం, అంతే. గోపురం లేచాక ఆమె ఏమైంది? తన తాటాకు పందిరి స్థానంలో రాతి గుడి, తన తాటిపండ్ల స్థానంలో పులిహోర ప్రసాదం వచ్చినప్పుడు ఆమె ఎక్కడ నిలబడి చూసింది? ఈ ప్రశ్న వేయకుండా ఇవాళ రామదాసు నాటకం కడితే అది నలభైల్లోనో అరవైల్లోనో ఆగిపోయిన నాటకమే అవుతుంది. ‘పోర్గీ’ని ఇన్నేళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న కూడా ఇలాంటిదే. ఒకరి బతుకును ఇంకొకరు పాట కట్టినప్పుడు ఆ వేదిక మీద ఎవరి గొంతు వినపడుతోంది అని. గుడికి పెట్టిన సొమ్ము గురించి కూడా అడగాలి. ఆరు లక్షలు గోల్కొండ రాజు తానీషా ఖజానాకు చేరలేదని మాత్రమే కథ బాధపడుతుంది. ఆ పన్ను పాల్వంచ పరగణాలో ఎవరి పంట మీంచి, ఎవరి కష్టం మీంచి వచ్చిందో నాటకం అడగొచ్చు. ఇది రాముడి మీద నింద అవుతుందని ఎవరైనా అంటే, రాముణ్ణి రామదాసే ఖర్చు లెక్క అడిగాడని గుర్తు చేస్తాను.

ఇక్కడే రెండో గట్టి అభ్యంతరం ఉంది. డబ్బు, వేదిక, జనం ఓపిక, ఇవన్నీ కొద్దిగానే ఉన్న చోట పాతదాన్ని లేపడం కంటే అడవిలో ఇంకా ఊపిరి ఉన్న కళకు పెట్టడం మేలు కదా? మణుగూరు దగ్గర కూనవరం నుంచి సకిని రామచంద్రయ్య డోలు పట్టుకుని, బొమ్మలున్న పడిగె విప్పి, సమ్మక్క సారలమ్మల కథ కోయ భాషలోనూ తెలుగులోనూ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయన లాంటి డోలీ కళాకారులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కొమ్ముకోయ ఆటను మనం మంత్రుల స్వాగతాలకు పిలుస్తాం, పది నిమిషాలు ఆడించి పంపించేస్తాం. ఈ అభ్యంతరం న్యాయమైనదే, దీనికి తేలిక జవాబు లేదు. ఒకదానికి బదులు ఇంకొకటి ఎంచుకోవాల్సి వస్తే నేను డోలీ వైపే ఉంటాను. కాని ఇక్కడ ఆ రెండూ విడిగా లేవు. భద్రాచలం కథ కోయ గడపలోనే పుట్టింది. దమ్మక్క భాగాన్ని డోలీ పద్ధతిలో, పడిగె మీద బొమ్మలు చూపిస్తూ చెప్పించవచ్చు. గోపన్న భాగం పద్యం, కీర్తన. రెండు సంగీతాలు ఒకే కథలో ఎదురుపడతాయి. అప్పుడు డోలు కొట్టేవాళ్లు అలంకారంగా రారు, కథలో సగం వాళ్లదే. వాళ్లకిచ్చే పారితోషికం కూడా హార్మోనియం వాయించేవారితో సమానంగా ఉండాలి. లేకపోతే వేదిక మీద చెప్పిన న్యాయం గ్రీన్‌రూంలో అబద్ధమవుతుంది.

తానీషా పాత్ర గురించి కూడా ఒక మాట. అతణ్ణి కర్కోటకుడిగా చూపించి చప్పట్లు కొట్టించుకోవడం ఇవాళ చాలా సులువు, అందుకే చాలా ప్రమాదం. గోల్కొండను 1672 నుంచి 1687 దాకా ఏలిన అబుల్ హసన్ దగ్గర అక్కన్న మాదన్నలు మంత్రులు, గోపన్నకు మేనమామలు. రామనవమి కల్యాణానికి గోల్కొండ నుంచి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ అతని పేరుతోనే చెప్పుకుంటాం, ఇప్పటికీ ప్రభుత్వం పంపిస్తూనే ఉంది. లెక్క అప్పజెప్పని ఉద్యోగిని బంధించిన రాజు, ఆ తర్వాత ఆ ఉద్యోగి దేవుడికే ముత్యాలు పంపిన రాజు. ఆ ఇద్దరూ ఒక్కరే కావడంలో ఉన్న చిక్కుముడిని నాటకం విప్పనక్కర్లేదు, దాచకపోతే చాలు.

భక్తి నాటకానికి జనం ఎటూ వస్తారు, దీన్ని తేవడంలో సాహసం ఏముందని కూడా అంటారు. 1964 చూశాక ఆ మాట నిలవదు. రాముడి పేరు పెట్టినంత మాత్రాన హాలు నిండదని నాగయ్య గారు తన సొంత డబ్బుతో తెలుసుకున్నారు. అంతే కాకుండా ఇవాళ భద్రాచలం చుట్టూ బతుకు మునుపటిలా లేదు. 2014లో పోలవరం ముంపు కింద చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. గుడి తెలంగాణలో ఉంది, గుడి మాన్యం చాలావరకు అవతల పురుషోత్తపట్నంలో ఉంది. నీటి కింద పోయే ఊళ్లవాళ్లు, పోడు పట్టాల కోసం తిరిగేవాళ్లు, గోదావరి కరకట్ట మీద తలనీలాలిచ్చే యాత్రికులు, అందరూ ఒకే బస్టాండులో దిగుతారు. ఎవరి నేల, ఎవరి దేవుడు, ఎవరి లెక్క అనే మాటలు అక్కడ పాతబడలేదు. ఈ నాటకం రెండోసారి నిలబడుతుందన్న ఆశ నాకు ఇక్కడి నుంచే వస్తోంది. నాగయ్య గారి కాలానికి లేని ప్రేక్షకుడు ఇప్పుడున్నాడు. పాట ముందే నోటికొచ్చినవాడు, కథలో తనవాళ్లెక్కడని అడిగేవాడు.

అందుకని తెర లేచేసరికి వేదిక మీద గోపన్న ఉండకూడదు. చెరసాల ఉండకూడదు. ఒక పుట్ట, కుండతో నీళ్లు తెచ్చే ఒక మనిషి. దమ్మక్క పుట్టతో మాట్లాడుతూ నీళ్లు పోస్తుంటుంది. డోలు మెల్లగా మొదలవుతుంది. ఆ మాటలన్నీ కోయలోనే ఉండాలి, కింద తెలుగు చెప్పేవాళ్లెవరూ ఉండకూడదు. ఖమ్మం హాల్లో చాలామందికి అర్థం కావు. పాల్వంచకు కొత్తగా వచ్చిన తహశీల్దారుకూ మొదట్లో అర్థమై ఉండవు. పక్కనున్న బంట్రోతును ఆవిడేమంటోందని అడుగుతూ అతను అప్పుడు వేదిక మీదికి రావాలి.